వాదీలో పాడే ఆడమనిషి

ఒమన్‌లో ఇబ్రి దగ్గర సైట్ నుంచి క్యాంపుకొచ్చే దారిలో ఒక వాదీ ఉంది. ఎండిపోయిన వాగు. చీకటి పడ్డాక అటు రావాలంటే ఎంతటి మొనగాళ్ళైనా కాళ్ళు ముడుచుకుని కూర్చుంటారట.

ఎందుకంటే... అక్కడ ఒక ఆడమనిషి పాడుతుంది.

కంపెనీ వ్యాను వాగులోకి దిగిందో లేదో, వెనక సీటు కింద నుంచి సన్నటి గొంతు! వెంట డ్రమ్ముల మోత. అరబ్బీ కాదు, హిందీ కాదు, మలయాళం అసలే కాదు. తెలిసిన భాషలన్నీ తీసేశాక మిగిలింది దెయ్యాల భాషేనని రూమ్‌లో పెద్దమనిషి లింబాద్రి తేల్చేశాడు. వరదలో కొట్టుకుపోయిన పెళ్ళికూతురని కూడా చెప్పాడు. ఆయనకెవరు చెప్పారని ఎవరూ అడగలేదు.

అందరికంటే ఎక్కువ వణికినవాడు లచ్చన్న. తను ఒమన్ వచ్చాక పుట్టిన కూతురు నవీనను ఇంకా చూడనేలేదు. వచ్చే వారమే ఊరికి ప్రయాణం.

"తల్లీ... నా బిడ్డ మొకం సూసినంక తీస్కపో..." అని వాగు రాగానే గొణిగేవాడు.

వ్యానుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. ఆమె ఇంకా హుషారుగా పాడింది.

మస్కట్ నుంచి వచ్చిన ఇంజినీరు వరుణ్ ఇది విని తెగ నవ్వాడు. "దెయ్యమేంటయ్యా? పదండి, నేనూ వస్తా" అని వ్యానెక్కాడు.

వాగొచ్చింది... ధబ్!... పాట మొదలైంది. వరుణ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

క్యాంపు చేరాక, వెనక సీటు కింది స్పీకరు వైరు వెంటే వెళ్ళి, ఎప్పుడో చచ్చిందనుకున్న స్టీరియోను ఊడబెరికించాడు. లోపల ఒక సీడీ. దానిమీది రాతలను ఫోన్‌లో అనువాదం చేయించి చదివి, మళ్ళీ నవ్వాడు.

"జపాన్ రాక్ బ్యాండ్! వాళ్ళ హిట్ పాటలన్నీ కలిపిన సీడీ. సెకండ్ హ్యాండ్ వ్యానుతోపాటే వచ్చినట్టుంది."

"నేను ముందే అనుకున్న" అన్నాడు లింబాద్రి.

"మరి వాగులోనే ఎందుకు మోగుతోంది?" అడిగాడు వరుణ్.

జగిత్యాల డ్రైవర్ ఎహసాన్ తల గోక్కున్నాడు. "ఆడ బండి ఆగదు సార్. ధబ్బున పడ్తది. ఆ దెబ్బకు వైరు తగుల్తుండొచ్చు."

"ఎందుకాగదు?"

"బ్రేకులు లెవ్వు గద సార్. హ్యాండ్ బ్రేకుతోనే నడుపుతున్న. ఆఫీసుల చెప్తే సూస్తమన్నరు."

వరుణ్ పక్కకు వెళ్ళి, తనకు వేరే కారు పంపమని మెల్లగా ఫోన్ చేశాడు.

లచ్చన్న మాత్రం గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "బ్రేకులేనా! దెయ్యమనుకొని పానం పోయింది గద భాయ్!"

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. మర్నాడు డ్యూటీ దిగాక అందరికంటే ముందు వ్యానెక్కి, ఎహసాన్ పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఇగ భయమేంది భాయ్... జెర జల్దీ పోనియ్!"