జోగి మాస్టారి చెయ్యి

ఆ ఉదయం కూడా పాత బడి వీధి మలుపులో బళ్లు ఆగాయి.

ముందు బెల్లం దిమ్మలతో మార్కెట్టుకు పోతున్న రెండు లారీలు, వాటి వెనక మనుషుల బళ్లు. ఏ బండిలోనూ డ్రైవరు లేడు. డ్రైవరు కూర్చునే చోటే లేదు. లోపలున్నవాళ్లలో కొందరు నిద్రపోతున్నారు. ఒకావిడ జడ అల్లుకుంటోంది. ఎందుకాగామని ఎవరూ తలెత్తి చూడలేదు. బండి ఆగిందంటే తగిన కారణం ఉంటుందని ఆ కాలపు మనుషుల నమ్మకం.

కారణం మాత్రం కనిపించడం లేదు. రోడ్డు దాటేవాళ్లు లేరు, అడ్డంగా పశువూ లేదు. మొదటి లారీ ముందు బారెడు ఖాళీ జాగా, అందులో కాస్త ఎండ.

ఎదుటి పక్క, మూతపడిన బడి గేటు దగ్గర నిలబడి నూకరత్నం టీచరు ఆ ఖాళీ జాగానే చూస్తోంది. కాసేపటికి కొంగు నడుముకు దోపుకుని ఇంటివైపు తిరిగింది. వెనక బళ్లు కదిలిన చప్పుడు వినిపించింది.

మలుపులో ఇడ్లీలు వేసే పైడితల్లి ఎప్పటిలాగే పలకరించింది. "ఏటి టీచరుగారూ, అయిపోనాదా మీ బళ్ల పూజ? ఎనక నా కాఫీ సల్లారిపోతన్నాది."

నూకరత్నం నవ్వి గ్లాసు అందుకుంది.

అనకాపల్లిలో ఇప్పుడు ప్రతి వీధికీ ఒక ఆజ్ఞాపలక ఉంది. దాని మీద అక్షరాలుండవు. చదవాల్సింది మనుషులు కాదు కాబట్టి అక్కర్లేదు. అది వద్దన్న దారిలోకి ఏ బండీ చక్రం పెట్టదు. పూర్వం ఈ వీధిలో పలక ఉన్న స్తంభానికే రేకు బోర్డు ఉండేది. బడివేళల్లో లారీలకు ప్రవేశం లేదని ఎర్ర రంగుతో స్పష్టంగానే రాసి ఉండేది. బైపాసు చుట్టూ తిరగడం ఇష్టంలేని లారీలన్నీ ఆ బోర్డును ఒరుసుకుంటూ పోయేవి. పట్టుకునేవాళ్లు లేరు. అర్జీలు ఇస్తే, మనుషులు చాలరని జవాబు వచ్చేది. కొన్నాళ్లకు బోర్డు మీద ట్యూషన్ల కాగితాలు అంటించారు. తర్వాత ఎవరో తువ్వాలు ఆరేసుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు ఆమె భర్త జోగినాయుడు వెళ్లి బోర్డు పక్కన నిలబడ్డాడు. ఆయన అదే బడిలో డ్రిల్లు మాస్టారు. బడిగంటకు ముందు రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తేవాడు. రేకును లెక్కచేయని డ్రైవర్లు ఆ చేతికి ఆగేవారు. తిట్టేవారు, హారను మోగించేవారు, కానీ ఆగేవారు. పిల్లలు దాటేదాకా ఆయన చెయ్యి దించేవాడు కాదు. అందరూ దాటారని అంత దూరం నుంచి ఎలా తెలుస్తుందని ఆమె ఒకసారి అడిగింది. తెలుస్తుందిలే, అన్నాడు. పిల్లల్ని లెక్కపెట్టుకుంటాడు కాబోలనుకుంది.

ఆజ్ఞాపలకలు నాటిన కొత్తలో వాటికి ఒక ఒరవడి ఏడాది ఉండేది. ఒరవడి చూసి పిల్లలు అక్షరాలు దిద్దుకున్నట్టు, ఆ ఏడాదంతా పలక తన వీధిని చూసి నేర్చుకునేది. ఎవరు ఎవరికి ఆగుతారు, ఎవరు ఎవరిని లక్ష్యపెట్టరు, అన్నీ చూసేది. చూపు ఉండేది, అధికారం ఉండేది కాదు. ఆ ఏడాదిలోనే ఒక ఉదయం, నంబరు మీద మట్టి పూసుకున్న రాళ్ల లారీ ఒకటి మాస్టారి చేతికి ఆగలేదు. పలక అది కూడా చూసింది.

తర్వాత పలకలకు అధికారం వచ్చింది. బడి ఊరి చివరికి మారింది, లారీల నిషేధం తీసేశారు. అయినా బడిగంట వేళకు బళ్లు ఆ మలుపులో ఆగుతూనే ఉన్నాయి. ఆయనకే ఆగుతున్నాయని నూకరత్నానికి తెలుసు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రోజూ వచ్చి చూసుకుని వెళ్లేది.

ఆవేళ కాఫీ తాగుతుండగా పలకల దిద్దరి వచ్చింది. పలకలు తప్పు నేర్చుకుంటే సరిచేసే ఉద్యోగం ఆ అమ్మాయిది, పేరు ఉత్పల. ఊరికే ఆగుతున్న బళ్ల గురించి మార్కెట్టువాళ్లు ఫిర్యాదు చేశారని, ఈ పూటే ఆ తప్పును చెరిపేస్తానని చెప్పింది. నూకరత్నం గ్లాసు బల్ల మీద పెట్టింది. చెరపకుండా ఉండలేవా అమ్మా, అని అడగాలనుకుని, తప్పు దిద్దవద్దని ఏ నోటితో అడగాలో తెలియక ఊరుకుంది.

ఉత్పల తన స్మృతిఅద్దం తీసి, పలక చూసిన పాత దృశ్యాలను ముందుకూ వెనక్కూ తిప్పింది. ఒకటి రెండుసార్లు నూకరత్నం ముఖంలోకి చూసింది.

"టీచరుగారూ, మొన్న నాలుగు రోజులు మీరు ఇటు రాలేదు కదా. అప్పుడు ఒక్క బండీ ఆగలేదండి."

నూకరత్నానికి అర్థం కాలేదు. ఉత్పల అద్దాన్ని ఆమె వైపు తిప్పింది. అందులో జోగినాయుడు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. పిల్లలు దాటుతున్నారు. ఎదురుగా గేటు దగ్గర నల్లని జుట్టుతో ఆమె. చివరి పిల్ల లోపలికి వెళ్లగానే, పాఠానికి వెళ్లబోతూ కొంగు దోపుకుంది. ఆయన చెయ్యి దించాడు. మర్నాడూ అంతే. వానరోజున గొడుగు కింద కూడా అంతే.

"మాస్టారు ఒక్కరోజు కూడా పిల్లల్ని లెక్కపెట్టలేదండి. మిమ్మల్నే చూసేవారు. మీరు కొంగు దోపుకుంటే చెయ్యి దించేవారు. పలక అదే నేర్చుకుంది. మీరొచ్చి నిలబడితే ఆపుతుంది, మీరు కొంగు దోపుకుంటే వదిలేస్తుంది."

నూకరత్నం అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది. అన్నేళ్లూ ఆమె పిల్లల్ని చూసింది. గంట చూసింది. గేటు గడియ చూసింది.

ఉత్పల అద్దం వెంటనే మూయలేదు. చెరిపే పని రేపు గంట వేళ దాటాక చేస్తానని, అందాకా తనకు వేరే వీధులున్నాయని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు నూకరత్నం బడికి కట్టుకునే నీలం నేతచీర కట్టుకుని వచ్చింది. బళ్లు ఆగాయి. ఆమె ఖాళీ జాగావైపు చూసింది. కొంగు భుజం మీద వదులుగా ఉంది. దానికి చెయ్యి తాకనివ్వలేదు.

ఆగిన బళ్ల వరుస మలుపు దాటి వెనక్కి పెరిగింది. లోపలివాళ్లు మొదటిసారి తలలెత్తారు. కొందరు దిగారు. రోడ్డు మీద కాలు పెట్టి ఎన్నాళ్లయిందో, తడబడుతూ నడిచి వచ్చి, ఏం జరిగిందని ఒకరినొకరు అడిగారు. పైడితల్లి గరిటె పట్టుకుని, ఇక్కడో మాస్టారుండేవారని వాళ్లకు చెబుతోంది. స్తంభం నీడలో ఉత్పల నిలబడి ఉంది.

ఇంత కాలానికి ఆ ఊళ్లో ఒక మనిషి దారికి అడ్డం పడింది. ఆ మనిషి తనేనని నూకరత్నానికి తట్టింది. నియమం కోసం నిలబడినవాడి భార్య. సిగ్గుపడాలనుకుంది. ఇంకొక్క క్షణం అనుకుంది.

పైడితల్లి దగ్గరికొచ్చి మెల్లిగా అంది. "టీచరమ్మా, మాస్టారి సెయ్యి నొప్పెట్టదా?"

నూకరత్నం ఖాళీ జాగా నుంచి చూపు తిప్పలేదు. ఈసారి గేటునూ గంటనూ చూడలేదు. అటే చూస్తూ, కొంగు అంచు పట్టుకుని, మడతలు సరిచేసుకుని, నెమ్మదిగా నడుముకు దోపుకుంది.

అవతల ఎవరో చెయ్యి దించినట్టు, మొదటి లారీ కదిలింది.