ఖాళీ పట్టీకి ఊపిరి

ఆదివారం మధ్యాహ్నం. వర్క్‌షాపులో ఇంజినీరు తప్ప ఎవరూ లేరు. టంకం వాసన, కిటికీ మీద వాన చప్పుడు, ఫ్యాను కిర్రుకిర్రు. ఇంటికెళ్ళినా గోడలతో మాట్లాడుకోవడమేగా అని అతను సెలవు రోజున కూడా ఇక్కడికే వస్తున్నాడు. భార్య పోయి ఆర్నెల్లయింది. ఇద్దరూ ఇదే బల్లకు అటొకరు, ఇటొకరు కూర్చుని పనిచేసేవారు. అటువైపు ఆమె పరీక్షలకు వాడిన పాత సర్క్యూట్ బోర్డు, దాని మీది బజర్‌తో సహా, ఇంకా అలాగే ఉంది.

రేపు పొద్దున ఆసుపత్రికి పది పెట్టెలు వెళ్ళాలి. రోగి ఛాతీకి పట్టీ కడితే, ఊపిరి తీసినప్పుడల్లా పెట్టె మీది దీపం వెలుగుతుంది. పది సెకన్లు ఊపిరి లేకపోతే బజర్ మోగుతుంది. అది మోగాల్సినప్పుడు మోగకపోతే మనిషి దక్కడు.

కోడ్ రాసింది ఆమే. దాన్ని అతని కొత్త కంప్యూటర్లో చిప్‌కు అర్థమయ్యేలా తయారుచేసి ఎక్కిస్తే, ఎవరికీ కట్టని పట్టీకి బజర్ బుద్ధిగా మోగింది. అదే కోడ్‌ను, అక్షరం పొల్లు పోకుండా, ఆమె పాత కంప్యూటర్లో తయారుచేస్తే మాత్రం ఖాళీ పట్టీకే దీపం వెలుగుతోంది. ఆసుపత్రివాళ్ళు పరీక్షించి ఒప్పుకున్నది ఆ పాత కంప్యూటర్లో తయారైనదాన్నే. రేపటికి కొత్త కంప్యూటర్లోది ఇవ్వడం కుదరదు.

రెండు పొట్టి వెలుగులు... ఒక పొడుగు.

అతని చెయ్యి ఆగిపోయింది. ఉబ్బసం ముదిరాక ఆమె ఊపిరి అచ్చం అలాగే ఉండేది. పరీక్షలప్పుడు పట్టీ ఎప్పుడూ తనే కట్టుకునేది. ఆ కొలతలేవైనా కోడ్‌లో దాగున్నాయేమోనని మూడుసార్లు వెతికాడు. లేవు. పట్టీ వైరు పీకేశాడు.

రెండు పొట్టి... ఒక పొడుగు.

చివరికి తప్పు దొరికింది. ఊపిరి లెక్క ఎక్కడ మొదలవ్వాలో ఆమె రాయలేదు. ఎప్పుడూ అదే వరస. "మొదలు సున్నాయేగా, మళ్ళీ రాయడం దేనికండీ?" అనేది. "రాయకపోతే చిప్‌లో అంతకుముందు ఏది మిగిలుంటే దాన్నే పట్టుకుంటుంది, మహాతల్లీ!" అని ఇతను విసుక్కునేవాడు.

ఏది మిగిలుంటే దాన్ని...

ఒక్క సున్నా రాస్తే చాలు. అది రాయడానికి అతనికి గంట పట్టింది. ఆర్నెల్లలో మొదటిసారి బల్లకు అటువైపు ఎవరో ఉన్నట్టుంది. కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఏమనుకోకే," అని గుసగుసగా అని, సున్నా కొట్టాడు.

దీపం ఆరిపోయింది. పది సెకన్లకు బజర్ మోగింది. పది పెట్టెల్లోనూ అదే ఎక్కించి, ఒక్కోదాన్నీ పరీక్షించి సీలు వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం, వర్క్‌షాపులో మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు, వార్డు నర్సు ఫోన్ చేసింది.

"పెట్టెలు బాగున్నాయి సార్. కాకపోతే ఆరో మంచం ఖాళీ. పట్టీ ఊరికే దిండు మీద పెట్టాం. దీపం వెలుగుతోంది."

"ఎలా వెలుగుతోంది?" అని అడిగాడు.

"రెండుసార్లు చిన్నగా... తర్వాత ఒకటి పెద్దగా." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆపేయమంటారా?"

మిగతా తొమ్మిది మంచాల మీదా మనుషులున్నారు. రేపు ఆ ఆరో మంచం మీదకీ ఎవరో వస్తారు. తెలుసు. అయినా ఒకసారి బల్లకు అటువైపు చూశాడు.

"ఆపెయ్యండి."

"ఆపేశాను సార్. దీపం ఆరిపోయింది."

అతను ఫోన్ పెట్టేశాడు. వాన కూడా తగ్గింది. గదిలో ఏ చప్పుడూ లేదు. ఒకటి... రెండు... తనకు తెలియకుండానే లెక్కపెడుతున్నాడు.

పది.

బల్లకు అటువైపు, ఏ వైరూ తగిలించని ఆమె పాత బోర్డు మీద... బజర్ మోగడం మొదలుపెట్టింది.