మూడు కొంగల లెక్క

నేను తుమ్మిన ఒక్క తుమ్ముకి మడుగంతా లేచిపోయింది.

అప్పటిదాకా నీళ్ళలో బుద్ధిగా నిలబడ్డ కొంగలూ, నీటికోళ్ళూ ఒక్కసారిగా రెక్కలు టపటపలాడించుకుంటూ ఎగిరాయి. పక్కనున్న గడ్డిపాకలోంచి ఒకమ్మాయి నోటుబుక్కుతో విసురుగా బయటికొచ్చింది.

"రెండు గంటల నుంచి లెక్కపెడుతున్నానండీ! తుమ్మడానికి మీకు ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

"తుమ్ము చెప్పి రాదు కదండీ."

"అయితే కూర్చోండి. ఇక్కడ ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి చీటీలు సరిచూస్తారు. ఐదుకి మించి తేడా వస్తే మళ్ళీ మొదటి నుంచి. ఇవాళ రావాల్సిన మనిషి రాలేదు. ఆ శిక్ష మీకే!"

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. ఒక్కచోట పది నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు. ఆమె సైన్సు టీచర్. వానలకు నిండి, ఎండలకు ఎండిపోయే ఆ చిన్న మడుగుకి కాపలా వాళ్ళ నాన్న. మొదటిరోజు పక్షులు తిరిగొచ్చి వాలాక లెక్కపెడితే, మా లెక్కల్లో నలభై తేడా వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టేసరికి వాన కురిసింది. పాకలో కారని మూల ఒక్కటే ఉంటే ఇద్దరం అక్కడికే జరిగాం.

ఆ తర్వాత ఒక్క ఆదివారమూ మానలేదు. నిజం చెప్పేస్తున్నా, రెండో వారానికే నాకు లెక్క వచ్చేసింది. కానీ సరిపోతే ఇంటికి పొమ్మంటుంది కదా! అందుకని మొదటిసారి పదో పదిహేనో తప్పు రాసి, రెండోసారి సరిగ్గా రాసేవాణ్ణి.

"మీ కళ్ళు ఓసారి డాక్టరుకి చూపించుకోండి."

"మా లిఫ్టుల్లో పక్షులు ఎక్కవండీ, అలవాటు లేదు."

నవ్వు ఆపుకుంటూ పెన్సిల్ చెక్కుకునేది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు ఉన్నట్టుండి, "వచ్చే ఆదివారమే ఆఖరు. మళ్ళీ వానలకే గేటు తీసేది. ఈసారి లెక్క సరిగ్గా వచ్చేవాళ్ళని చూసుకోమన్నారు నాన్న," అంది.

ఆ వారమంతా నాకు కాలు నిలవలేదు. చెప్పెయ్యాలి. ఎలా చెప్పాలి? ఆ ధ్యాసలో ఒక లిఫ్టులో మూడో అంతస్తు బటన్ ఐదో అంతస్తుకి కలిపేసి, ఓ పెద్దావిడ చేత చీవాట్లు తిన్నాను.

ఆదివారం వెళ్ళేసరికి మడుగులో చాపంత నీళ్ళు, అందులో మూడు కొంగలు. మూడింటిని ఎలా తప్పు లెక్కపెట్టను? 'మూడు' అని రాసి చీటీ ఇచ్చేశాను.

ఆమె తన చీటీ పక్కన పెట్టింది. అందులో 'పదకొండు' అని ఉంది.

"ఎనిమిది తేడా," అంది నావైపు చూడకుండా. "మళ్ళీ లెక్కపెట్టాలి."

"టీచరుగారూ... అక్కడున్నవి మూడేగా?"

"ఇన్నాళ్ళూ మీరు రాసినప్పుడు నేనడిగానా?"

నా చెవులు వేడెక్కాయి. "అంటే... మీకు తెలుసా?"

"రెండో వారం నుంచీ."

"అయితే వినండి. వానలొచ్చేదాకా ఆగడం నావల్ల కాదు. మీరంటే నాకు చచ్చేంత ఇష్టం."

ఆమె పెన్సిల్ కింద పడింది. ఇద్దరమూ తియ్యలేదు.

గేటు దగ్గర్నుంచి వాళ్ళ నాన్న కేకేశాడు. "మూడు కొంగలకి ఎంతసేపమ్మా?"

"తేడా వచ్చింది నాన్నా!"

ఆ అరుపుకి మూడు కొంగలూ ఎగిరిపోయాయి. పెద్దాయన ఖాళీ మడుగునీ, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి తాళం తీసుకున్నాడు.

"సరే, గేటు వేసేస్తున్నా. ఆ అబ్బాయిని ఇంటికి తీసుకురా. మిగతా లెక్క మీ అమ్మ ముందు తేల్చుకుందురుగాని."