దిద్దిన బుడగ

ఉదయం 9:42. కంప్యూటర్ ల్యాబ్ తెర మీద మైండ్ మ్యాప్ మాయమైంది.

నలభైమంది పిల్లల కళ్లెదుటే. మధ్యలో 'మా బడి' అన్న బుడగ, దాని చుట్టూ కొమ్మలు కొమ్మలుగా ఆటలు, పాఠాలు, టీచర్లు. రెండు నెలలుగా క్లాసంతా కలిసి ఆన్‌లైన్‌లో అల్లుకున్నది. రెప్పపాటులో తెర తెల్లబోయింది.

కబురందుకుని వచ్చిన సైబర్ ఎస్సైకి ఒళ్లు మండింది. బొమ్మ చెరిగితే పోలీసులా? హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది విన్నాక మెత్తబడ్డాడు. చెరిపింది చిన్న మేడం లాగిన్‌తో. ఈ మ్యాపుల పాఠాలు మొదలుపెట్టిందీ ఆవిడే. ఉద్యోగం ఇంకా టెంపరరీ. ఎవరి పనో సాయంత్రంలోగా తేలకపోతే, ఆవిడే చెరిపిందనుకుని ఇంటికి పంపేస్తారట.

"అప్పుడు మీరెక్కడున్నారు?" చిన్న మేడంను అడిగాడు.

"ల్యాబ్‌లోనే సార్, పిల్లల దగ్గర. ల్యాప్‌టాప్ స్టాఫ్‌రూమ్‌లో తెరిచి వదిలేశాను. బుద్ధి తక్కువై."

పిల్లలందరూ అదే మాట చెప్పారు. మేడం గుమ్మం దాటలేదు.

స్టాఫ్‌రూమ్‌లో ఆ సమయానికి ఇద్దరే. సైన్స్ మాస్టారు, లెక్కలు చెప్పే పెద్ద మేడం. పెద్ద మేడం చిన్న మేడంకు సొంత అక్క. చెల్లెల్ని ఈ బళ్లో చేర్పించిందీ ఆవిడే.

మాస్టారు ఏమీ దాచుకోలేదు. ఒకప్పుడు ఆయన రంగు సుద్దలతో గుండె బొమ్మ గీస్తే పక్క క్లాసు పిల్లలూ వచ్చి చూసేవాళ్లట. ఇప్పుడు అందరి నోటా చిన్న మేడమే.

"కుళ్లుకున్నాను సార్. నిద్ర పట్టనంతగా కుళ్లుకున్నాను. కానీ ఆ మిషన్ ముట్టుకోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను."

హెడ్‌మిస్ట్రెస్ ఇంకేం కావాలన్నట్టు ఎస్సై వైపు చూసింది. పెద్ద మేడం మాత్రం పేపర్లు దిద్దుకుంటూ తలెత్తలేదంది. చెల్లెలి గతి తలుచుకుని కళ్లు కూడా తుడుచుకుంది.

ఎస్సై టెక్నీషియన్ చేత మ్యాప్ హిస్టరీ తెరిపించాడు. పోయిందంతా వెనక్కి వచ్చింది. హమ్మయ్య అనుకుని అందరూ లేవబోయారు. మ్యాప్ దొరికితే సరా, మనిషి దొరకొద్దూ? చెరిపే ముందు ఏం జరిగిందో వాళ్లెవరూ చూడలేదు. ఆయన చూశాడు.

9:38. చిన్న మేడం లాగిన్‌తో ఎవరో ఒకే ఒక్క బుడగలో మాటలు మార్చారు. 9:40. ల్యాబ్‌లోంచి ఓ అమ్మాయి పాత మాటలే మళ్లీ పెట్టింది. 9:42. అంతా గల్లంతు.

ఆ అమ్మాయిని పిలిపించాడు. తను రాసినదాన్ని ఎవరో కెలుకుతున్నారనుకుని సరిచేశానంది, బెదురుతూ.

ఎస్సై అందర్నీ కూర్చోబెట్టి తెర చూపించాడు. 'టీచర్లు' కొమ్మ చివర 'చిన్న మేడం'. దానికి వేలాడుతూ ఇంకో చిట్టి బుడగ.

"చదవండి మాస్టారూ."

"చిన్న మేడం వాళ్ల అక్క."

"దీన్ని 'లెక్కల మేడం' అని దిద్దారు. నిలవలేదు. అప్పుడు మొత్తం చెరిపేశారు. మ్యాప్ మీద కోపమున్నవాళ్లు నేరుగా చెరిపేస్తారు. ముందు ఈ ఒక్క బుడగే దిద్దాలని ఎవరికనిపిస్తుంది?"

పెద్ద మేడం ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

చిన్న మేడం గబుక్కున లేచింది. "నేనే సార్. అక్కను అలా రాస్తే బాగోలేదని మార్చబోయాను. చెయ్యి తగిలి అంతా పోయింది. నన్ను పంపించేయండి. అక్కకేం సంబంధం లేదు."

అబద్ధమని అందరికీ తెలుసు. హెడ్‌మిస్ట్రెస్ కళ్లు చెమర్చాయి. ఎంత మంచి మనసమ్మా నీది, అంది. మాస్టారు కూడా తల ఊపాడు.

పెద్ద మేడం భరించలేకపోయింది.

"ఆపవే! ఈ మంచిపేరు కూడా నువ్వే కొట్టేస్తావా?" చెల్లెలి మీదికి లేచింది. "పదిహేనేళ్లు లెక్కలు నేర్పాను ఇక్కడ. నువ్వొచ్చి ఏడాది కాలేదు, నేను నీ అక్కనైపోయానా? చెరిపింది నేను. కనీసం ఇదైనా నాదని చెప్పుకోనివ్వు."

ఎస్సై పెన్ను తీసి, ఆవిడ పూర్తి పేరు అడిగి రాసుకున్నాడు.