పెరుగులో నీలిరంగు

"ఏంది మౌక్తికా గిది? మా పెరుగుల మేము పిండి గలుపుతున్నమా?"

తలుపు తీయగానే సుజిత్ ఫోను ఎత్తి చూపించాడు. మాస్కు పైన కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. ఇంత కోపంలోనూ ఆ కళ్లు బాగున్నాయేమిటి అనుకుని మౌక్తిక తనను తానే తిట్టుకుంది.

ఫోనులో ఉన్నది ఆమె పెట్టిన మెసేజే. లాక్‌డౌన్ పుణ్యమా అని బీఎస్సీ ప్రాక్టికల్స్ ఇంట్లోనే చేయాల్సి వచ్చింది. పిండి ఉంటే అయోడిన్ చుక్క నీలంగా మారుతుంది. కింది ఫ్లాటు సుజిత్ వాళ్లమ్మ తోడుపెట్టి అమ్మే పెరుగును నీళ్లలో కలిపి, వడగట్టి, చుక్క వేసింది. కారునీలం! ఇంకేముంది, ఒళ్లు తెలియని ఉత్సాహంతో, తెలుగువాళ్లూ హిందీవాళ్లూ కలిసి ఉండే ఆ సూరత్ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేసింది.

"నాకు కనబడ్డదే రాసిన," అంది బింకంగా.

"పొద్దటి సంది అన్ని ఆర్డర్లు క్యాన్సిల్! సూరత్ల మగ్గాలన్నీ బందై బాపు ఇంట్ల కూసున్నడు. గీ పెరుగుతోనే మా ఇల్లు నడుస్తుంది. అమ్మ ఒక్కతీరుగ ఏడుస్తుంది, తెల్సా?"

మౌక్తిక అయోడిన్ సీసా అందుకుంది. "ఆగు. మళ్ల చేస్త. నీ ముందట్నే చేస్త."

ఈసారి వడగట్టకుండానే చుక్క వేసింది. పెరుగు పసుపుపచ్చగా మారిందే తప్ప నీలం జాడే లేదు. అరే! ఇక మిగిలింది వడగట్టిన గుడ్డ. ఫిల్టర్ పేపర్ దొరక్క అమ్మ పాత నూలుచీర ముక్క వాడింది. దాని మీద చుక్క పడగానే నీలం!

"నూలు గట్లనే ఉంటదేమో," అన్నాడు సుజిత్.

"ఉండదు! నీ దస్తీ ఇటియ్యి."

"ఖరాబ్ జేస్తవా?"

"చేస్త. ఇయ్యి!"

అతని జేబురుమాలూ నూలుదే, అయినా దాని మీద చుక్క గోధుమరంగులోనే ఉండిపోయింది. మౌక్తిక గెంతినంత పని చేసింది. "అమ్మా! ఈ గుడ్డకు గంజి పెట్టినవా?"

"నూలుబట్ట గంజి పెట్టకుంట ఎన్నడన్న ఆరేసిన్నా?" వంటింట్లోంచి ఊర్మిళ.

మౌక్తిక ఫోను తీసింది. గ్రూపులో అందరూ నవ్వుతారు. నవ్వనీ! పెరుగు, గుడ్డ, దస్తీ మూడింటినీ వీడియో తీసి, "తప్పు నాదే. పెరుగు నిఖార్సయింది. ఆంటీ, మాఫ్ చేయండి," అని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పి పెట్టేసింది.

కాసేపటికే పక్క ఫ్లాటు సోమలింగం అంకుల్ జవాబు: "రెండు డబ్బాల పెరుగు పంపు సుజిత్ బేటా." ఆ వెనకే ఇంకొకరు, ఇంకొకరు.

సుజిత్ మాత్రం కదల్లేదు. "గది సరే. దస్తీ ఎందుకు నీలం కాలే?"

"రెండూ గ్లూకోజ్ గొలుసులే, కలిపిన తీరు వేరు! గంజిల స్టార్చ్ స్ప్రింగు లెక్క చుట్టుకుంటది. అయోడిన్ లోపల్కి పోయి కూసుంటది. నూలుల సెల్యులోజ్ నిటారుగ ఉంటది, దానికి జాగ దొరకది. చెట్టు తిండి దాసుకునేది స్టార్చ్‌గ, గట్టిగ నిలబడేది సెల్యులోజ్‌తోని. మనమైతే గ్లైకోజెన్ చేసి లివర్ల..."

"జర ఊపిరి తీస్కో!" సుజిత్ నవ్వేశాడు. తర్వాత చూపు దించుకున్నాడు. "మరి నీది ఏ గొలుసు? లిఫ్టు ఉన్నా రోజు మెట్లెక్కి వస్తున్న, ఎదురుపడ్తవేమోనని. నాకు జాగ ఉన్నదా, లేదా?"

మౌక్తిక చెంపలు వేడెక్కాయి. సంతోషం ఆగలేదు.

"ఉంది."

"ఏంది?"

"జాగ ఉంది అంటున్న! ఎప్పటి సందో ఉంది!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"జాగ ఉంటే గడప బయట నిలబెడ్తవేందే?" అంది ఊర్మిళ. "సబ్బుతోని చేతులు కడుక్కొని లోపల్కి రమ్మను!"