ఆరింటిదాకా కదలకండి

వీధి చివరనున్న ఆ ఖాళీ ఇంటి పెరట్లోకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. ఏనాటి యుద్ధంలోనో తలలు పోగొట్టుకున్న సిపాయిలు, మంచు కురిసిన రాత్రుల్లో అక్కడికి చేరి, వాటికోసం వెతుక్కుంటారని చెప్పుకుంటారు.

మా అమ్మమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. జరిగింది ఆమె సొంత తమ్ముడికి కనుక, నేనూ తగ్గించే చెబుతాను.

చిన్నతాతయ్య దర్జీ. మంచు ముఖం ఎరగని ఊళ్ళో పుట్టినవాడు. ఎక్కడో ఒక చిన్న చలిదేశం మీద పెద్దదేశం దండెత్తిందని పత్రికలో చదివి, కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, ఎవరూ పిలవకుండానే ఆ చిన్నదేశం తరఫున పోరాడటానికి వెళ్ళిపోయాడు. అలాగే వేడిదేశాలనుంచి వచ్చినవాళ్ళు అక్కడ మరో పదకొండుమంది కలిశారు.

ఆ పన్నెండుమందికీ, ఆ దేశంలోనే ఉన్న ఈ ఖాళీ ఇంటి దగ్గర, రాత్రికొకరు చొప్పున కాపలా పడింది. మొదటి రాత్రి లారీ డ్రైవరు పారిపోయి వచ్చాడు. రెండో రాత్రి బడిపంతులు, ఒక్క బూటుతో.

దళపతి ఆ దేశస్థుడు. "ఇంకొక్కడు ఆరు గంటలకు ముందు చోటు వదిలాడంటే, పన్నెండుమందినీ రైలెక్కించి ఇళ్ళకు పంపేస్తాను," అన్నాడు మెల్లగా. అరిచినా బాగుండేదట.

మూడో రాత్రి చిన్నతాతయ్యది.

"ఒరే దర్జీ, మా పరువంతా నీ కాళ్ళలో ఉంది," అన్నాడు డ్రైవరు.

"మొన్న నీ కాళ్ళలో ఉన్నప్పుడు చూశాంగా, అన్నా."

గంటకోసారి ఇంటి చుట్టూ తిరగాలని ఆజ్ఞ. పెరటి సంగతి మరిచిపోయినట్టు నటిస్తూ, అతను ముందు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అర్ధరాత్రి దాటింది. అప్పుడు పెరటివైపు నుంచి — కిర్రు... మళ్ళీ, కిర్రు...

ఇక వెళ్ళక తప్పలేదు.

వెన్నెల్లో, మంచులో, గోడ వెంబడి వరసగా నిలబడి ఉన్నారు. పొడవాటి కోట్లు. పక్కలకు చాచిన చేతులు. పదకొండుమంది... మెడల పైన మాత్రం ఏమీ లేదు.

"ఎవరది?" గుసగుసగా అడిగాడు.

గాలి వీచింది. పదకొండుమందీ అతనివైపు కాస్త వంగి, మళ్ళీ నిటారుగా నిలబడ్డారు.

తుపాకి ఎత్తుదామనుకుంటే వేళ్ళు మాట వినలేదు. పరుగెడదామనుకుంటే కాళ్ళూ వినలేదు. ధైర్యమనే మాట అమ్మమ్మ ఎక్కడా వాడలేదు.

అయితే ఎంత భయంలోనైనా దర్జీ చూపు ముందు కుట్టు మీదికే పోతుంది. మూడో కోటు మోచేతికి ఎర్రదారంతో వేసిన మాసిక... అది తన చేతి కుట్టే. ఆ కోటు డ్రైవరుది. పక్కది పంతులుగారిది, దానికి బొత్తాలు మార్చింది తనే.

అప్పుడు అతనికి అర్థమైంది. తాను ఇక్కడ గుమ్మం కాస్తూ ఉండగా, అక్కడ బసలోకి శత్రువు వచ్చి, నిద్రలోనే అందరినీ —

మంచులో చతికిలబడ్డాడు.

"డ్రైవరన్నా... నీ మేజోళ్ళు తీసింది నేనే," అన్నాడు. "పంతులుగారూ, మీ గురక మీద పాట కట్టిందీ నేనే."

మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"ఒక్క మాట వినండి. మీరు కదిలితే నేను పరుగెడతాను. నేను పరుగెడితే మనల్ని ఇంటికి..." అని ఆగిపోయాడు. పోయినవాళ్ళను ఇంకెవరు పంపుతారు? అయినా కాపలా వదిలి పారిపోయిన దళమని మాత్రం వాళ్ళకు పేరు రాకూడదు. "ఆరింటిదాకా కదలకండి, నాయనా."

వాళ్ళు కదలలేదు. అతనూ కదలలేదు.

తెల్లవారుతుండగా పొగమంచు దిగింది. ఆ తెలుపులోంచి, గోడ మలుపు తిరిగి... తలలు వచ్చాయి. తలలు మాత్రమే. ముందు డ్రైవరు తల, వెనక పంతులుగారి తల, ఒకదాని వెనక ఒకటి, పళ్ళు టకటకలాడిస్తూ, గాలిలో తేలుతూ.

"ఒరే దర్జీ, మావి ఇవేనా చూడు," అంది డ్రైవరు తల.

చిన్నతాతయ్య గోడను పట్టుకుని లేచాడు. "టైమెంతయింది, అన్నా?"

"ఆరు దాటి మూడు నిమిషాలు," అంది వెనకనుంచి దళపతి గొంతు.

అప్పుడు పరుగెత్తాడు.

మంచురంగు దుప్పట్లను మెడదాకా చుట్టుకున్న ఆ పదకొండుమందీ నోళ్ళు తెరిచి చూస్తూ ఉండిపోయారు. వాళ్ళలో వంటమాస్టరు ఒక్కడే వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. కోట్లకు పేలు పట్టాయని సాయంత్రం అన్నిటినీ సోడా నీళ్ళలో ఉతికి ఆరేసింది అతనే. దర్జీ ఒక్కడే ఆ వేళకు, రాత్రి కాపలా కోసం, తన కోటుతోనే పడుకుని ఉన్నాడు. వంటమాస్టరు కాసేపటికి వచ్చి చూస్తే కోట్లన్నీ చెక్కల్లా బిగిసిపోయాయి. తడిగుడ్డ చలికి గడ్డకడుతుందని అతను జన్మలో వినలేదు. సోడా ఎక్కువై దళం కోట్లన్నీ పాడయ్యాయనుకుని, ఎవరూ అడుగుపెట్టని చోటు కదా అని, కాపలా మొదలయ్యేలోగా మోసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాడు. తెల్లవారుజామున దాచుకోలేక సంగతి బయటపెట్టాడు.

దళపతి ఒక కోటును వేలితో తట్టాడు. టక్కుమంది.

"పొయ్యి దగ్గర పెడితే సరి," అన్నాడు.

"మరి... మా రైలు?" పంతులుగారు నసిగారు.

"రైలెందుకు? అతను చోటు వదిలింది ఆరు దాటాక. డ్యూటీ అయ్యాక ఎవరెంత వేగంగా పోతే నాకేం?" దళపతి గడియారం జేబులో పెట్టుకుని వీధివైపు చూశాడు. "కాకపోతే ఎవరైనా వెళ్ళి అతన్ని ఆపండి. ఆ దారి శత్రువు శిబిరానికి పోతుంది."