లక్ష్మీనర్సమ్మ ఇల్లు మారిన రోజు

పొద్దున్నే కోడలు సింధూజ చాయ్ తెచ్చేసరికి లక్ష్మీనర్సమ్మ సంచి సర్దుకుంటోంది. నాలుగు చీరలు, బీపీ గోలీలు, కళ్లజోడు.

"యాడికి అత్తమ్మా?"

"స్వరూప కాడికి. కుడిచెయ్యి ఇరిగింది గద. ఇగ ఆడనే ఉంట."

"నేనేమన్న అన్ననా?" సింధూజ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వేమంటవ్ బిడ్డా! అదొక్కతే ఉన్నది, అంతే."

స్వరూప ఇల్లు హాలియాలోనే, రెండు వీధుల అవతల. పెళ్లయిన ఏడాదికే భర్త వదిలేస్తే కుట్టుమిషను మీద బతికిన మనిషి. ఆమెదీ లక్ష్మీనర్సమ్మదీ ఐదో తరగతి నాటి స్నేహం. బడి ఎగ్గొట్టి సాగర్ కాలువలో దిగి, గట్టు మీద ఆరేసిన లంగాలను బర్రెలు తొక్కిపోతే ఇంటికెలా పోవాలో తెలియక ఏడ్చిన సంగతి, అరవై దాటినా పడీపడీ నవ్వుతూ చెప్పుకునేవాళ్లు.

సాయంత్రం ఎరువుల దుకాణం మూసి కొడుకు ప్రమోద్ నేరుగా స్వరూప ఇంటికే వచ్చాడు.

"పా అమ్మా. కొడుకు ఎల్లగొట్టిండని ఊరంత అనుకోదా? కావాల్నంటే చిన్నమ్మకు పనిమనిషిని పెడత."

"తీస్కపో బిడ్డా," మంచం మీంచి స్వరూప అంది. "పొద్దటిసంది ఉప్పులేని జావ తాపుతాంది."

లక్ష్మీనర్సమ్మ నవ్వలేదు.

"మీ బాపు పోయినప్పుడు నీకు నాలుగేండ్లు. నేను గోడదిక్కు మల్లి పండుకున్న. నీ మొఖం గూడ సూడలే. ఆ ఏడాదంత నీకు తానం పోసింది, బువ్వ పెట్టింది, బడికి తోలింది ఎవరనుకున్నవ్?"

గడ్డం గట్టిగా పట్టుకుని తల దువ్విన చేయి ప్రమోద్‌కు బాగా గుర్తు. సూది పోట్లతో గరుకెక్కిన వేళ్లు. అవి అమ్మవేననుకున్నాడు ఇన్నాళ్లూ. పిండికట్టు లోంచి కనబడుతున్న స్వరూప వేళ్లను చూశాడు.

"నాకెప్పుడు జెప్పలేదేంది చిన్నమ్మా?"

"ఏం జెప్పాలె? దువ్వెన జూస్తె ఉరికెటోనివి. గదొక్కటే యాదికుంది."

అతను ఆ మంచం పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు ట్రాలీ ఆటోలో అమ్మ మంచం వేసుకుని వచ్చాడు. వెనకే కూర గిన్నెతో సింధూజ.

స్వరూప మంచాన్ని ఎగాదిగా చూసింది. "మంచం తెచ్చినవ్, మంచిదే. మరి దీని గురకకేం తెచ్చినవ్?"

"ఎడమ చెయ్యి గూడ ఇరగ్గొడత!" అంది లక్ష్మీనర్సమ్మ.

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. కళ్లు తుడుచుకుంటూ కూడా నవ్వుతూనే ఉన్నారు.